మొక్కకు పేరు, పక్షికి చోటు: డెన్మార్క్ చిత్రకళలో ప్రకృతి పరిశీలన

డెన్మార్క్ చిత్రకళ మీద ఏ పరిచయ వ్యాసం చదివినా ఒక మాట ఎదురవుతుంది: అక్కడి చిత్రకారులు ప్రకృతిని ఉన్నదున్నట్టు గీశారని. మాట నిజమే గానీ దానితో ఏమీ తేలదు. వృక్షశాస్త్రజ్ఞుడు చూసే మొక్క వేరు. గట్టు మీద కూర్చుని రంగులు కలుపుకునే చిత్రకారుడు చూసే మొక్క వేరు. అదే మొక్కను భోజనపు పళ్లెం మీదికి దించే పింగాణీ పనివాడికి కావలసినది ఇంకా వేరు. ముగ్గురూ ఉన్నదున్నట్టే గీస్తున్నామంటారు. ముగ్గురి బొమ్మలూ పక్కపక్కన పెడితే అది ఒకే మొక్క అని నమ్మడం కష్టం.

ముందుగా శాస్త్రజ్ఞుడి బొమ్మను చూడండి. తెల్ల కాగితం మీద మొక్క ఒంటరిగా ఉంటుంది. మట్టి దులిపిన వేరు మొదలుకొని కొనచిగురు దాకా అంతా కనిపిస్తుంది. ఒకే కొమ్మకు మొగ్గ, విచ్చిన పువ్వు, ముదిరిన కాయ ఉంటాయి. తోటలో ఆ మూడూ ఒకే రోజున దొరక్కపోవచ్చు. కింద ఒక మూలన కేసరాలు, అండాశయం, గింజ విడివిడిగా పెద్దవి చేసి గీసి ఉంటాయి. పురుగు కొట్టిన ఆకు ఉండదు. ఎక్కడో మొలిచిన ఒకానొక మొక్కను కాక, ఎన్నో మొక్కలు చూసి ఆ జాతి మొత్తానికీ కలిపి గీసిన బొమ్మ అది. చిత్రకారుడి పరిశీలన ఎదురు దిక్కున నడుస్తుంది. ఆ గట్టు మీది ఆ ఒక్క మొక్క, ఆ పూట వెలుగు, ఎండుతున్న ఆకు అంచు, ఇవే అతనికి కావాలి. గింజ లోపల ఎలా ఉంటుందో అతనికి అక్కరలేదు.

ఈ రెండు చూపులూ ఐరోపా అంతటా ఉన్నవే. అయితే డెన్మార్క్ చిన్న దేశం. రాజుగారి వృక్షోద్యానం, కళా అకాడమీ, విశ్వవిద్యాలయం, పింగాణీ కర్మాగారం అన్నీ కోపెన్‌హాగన్‌లోనే ఉండేవి. ఒకరి బొమ్మ మరొకరి చేతికి వెళ్లడానికి ఎంతో కాలం పట్టేది కాదు. ఆ రాకపోకలను పట్టుకుంటేనే అక్కడి కళలో మొక్కలకూ పక్షులకూ అంత చోటు ఎలా దక్కిందో అర్థమవుతుంది.

122 ఏళ్ల పుస్తకం

1761లో కోపెన్‌హాగన్‌లో ‘ఫ్లోరా డానికా’ మొదటి భాగం వెలువడింది. అందులో 60 రాగిరేకు ముద్రణలున్నాయి. దాని రూపకర్త గియోర్గ్ క్రిస్టియన్ ఓడర్ జర్మనీలో పుట్టి, ఐదవ ఫ్రెడరిక్ కాలంలో డెన్మార్క్‌కు వచ్చిన వృక్షశాస్త్రజ్ఞుడు. రాజ్యంలో తనంతట తాను మొలిచే ప్రతి మొక్కకూ ఒక బొమ్మ ఉండాలన్నది సంకల్పం. రాజ్యమంటే అప్పట్లో ఇప్పటి డెన్మార్క్ ఒక్కటే కాదు; నార్వే, ష్లెస్విగ్, హోల్‌స్టైన్, ఐస్‌లాండ్, ఫారో దీవులు, గ్రీన్‌లాండ్ కూడా. చివరి భాగం 1883లో వచ్చింది. మొత్తం 54 భాగాలు, 3,240 బొమ్మలు. సంపాదకులు ఒకరి తర్వాత ఒకరు మారారు, రాజులు మారారు, దేశం సరిహద్దులూ మారాయి. బొమ్మ వేసే పద్ధతి మాత్రం దాదాపు మారలేదు.

ఖజానా ఇంత ఖర్చు ఎందుకు భరించింది? సౌందర్యం కోసం కాదు. ఏ గడ్డి పశువుల మేతకు పనికొస్తుంది, ఏ వేరు మందుకు, ఏ ఆకు అద్దకానికి, కరువొస్తే ఏది తిని బతకవచ్చు అన్న లెక్క రాజ్యాలకు ఆ కాలంలో ముఖ్యం. భూమి మీద ఏముందో తెలిస్తేనే దాన్ని వాడుకోగలం అన్నది ఆనాటి పాలకుల ఆలోచన. అందుకే ఆ బొమ్మలు అంత కచ్చితంగా ఉంటాయి. రేకుల మీద చెక్కే పనికి న్యూరెంబర్గ్ నుంచి మైకేల్ రోస్లర్, ఆయన కొడుకు మార్టిన్ రోస్లర్ వచ్చారు. వీలైనంత వరకు మొక్కను అసలు కొలతలోనే వేసేవారు. నల్లగా అచ్చయిన గీతల మీద తర్వాత చేత్తో రంగులద్దేవారు. గులాబీకి ఎంత శ్రద్ధ దక్కిందో నాచుకూ, పుట్టగొడుగుకూ అంతే దక్కింది. నాకు ఈ పుస్తకంలో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఈ సమదృష్టే. పూలబొమ్మల సంప్రదాయంలో ఎవరూ కన్నెత్తి చూడని గడ్డిపరకకు ఇక్కడ ఒక పూర్తి పుట ఇచ్చారు.

ఈ పుస్తకానికీ మన తీరానికీ మధ్య ఒక మనిషి ఉన్నాడు. యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ బాల్టిక్ ప్రాంతంలో పుట్టి, స్వీడన్‌లోని ఉప్సాలాలో, మొక్కలకు శాస్త్రీయ నామాల పద్ధతి పెట్టిన లిన్నేయస్ దగ్గర చదువుకున్నాడు. ఫ్లోరా డానికా కోసం మొక్కలు సేకరించడానికి 1764, 65 సంవత్సరాల్లో ఐస్‌లాండ్ తిరిగాడు. అక్కడి చలినేల మీద దొరికిన ఒక అతి చిన్న మొక్కకు లిన్నేయస్ ‘కోనిజియా ఐస్‌లాండికా’ అని శిష్యుడి పేరే పెట్టాడు. 1768లో కోనిగ్ డెన్మార్క్ వారి వలస స్థావరమైన తరంగంబాడికి వైద్యుడిగా వచ్చాడు. తర్వాత ఆర్కాటు నవాబు దగ్గర, ఆపైన మద్రాసులో ఈస్టిండియా కంపెనీ కొలువులో ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేశాడు. 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. మనం రోజూ పోపులో వేసే కరివేపాకు శాస్త్రీయ నామం చివర ఉన్న ‘కోనిగీ’ ఆయన పేరే. ఐస్‌లాండ్ మంచునేల మొక్కా మన పెరటి కరివేపా ఒకే మనిషి పేరు మోస్తున్నాయి.

ఆయనకు స్నేహితుడు, సామర్లకోటలో కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ ఆ పనిని కొనసాగించాడు. స్థానిక చిత్రకారులతో గీయించిన బొమ్మల్లోంచి 300 ఎంపిక చేసి, కోరమాండల్ తీరపు మొక్కల మీద మూడు సంపుటాలు 1795 నుంచి 1820 మధ్య లండన్‌లో అచ్చువేశారు. వివరణల్లో మొక్కల తెలుగు పేర్లు కనిపిస్తాయి. బొమ్మల తీరు చూస్తే మాత్రం కోపెన్‌హాగన్ బొమ్మలకు తోబుట్టువులే: తెల్లని నేపథ్యం, ఒంటరి కొమ్మ, కింద విడదీసిన పువ్వు భాగాలు. ముఖపత్రం మీద రాక్స్‌బర్గ్ పేరుంది; గీసినవారి పేర్లు లేవు.

అంత దూరాన రెండు చోట్ల ఒకే పద్ధతి ఎందుకు నిలిచింది? కాకినాడ మొక్కను లండన్‌లో కూర్చున్నవాడు, ఐస్‌లాండ్ మొక్కను ఉప్సాలాలో కూర్చున్నవాడు ఎన్నడూ చూడకుండానే గుర్తుపట్టాలి. అలా జరగాలంటే బొమ్మలో చోటు ఉండకూడదు. నేల, గాలి, ఎండ, పక్క మొక్కలు, ఇవన్నీ గుర్తుపట్టడానికి అడ్డొచ్చేవే. శాస్త్రం బొమ్మలోంచి చోటును కావాలనే తీసేసింది. తర్వాతి కాలపు చిత్రకారులు చేసినదల్లా ఆ తీసేసినదాన్ని తిరిగి తేవడమే.

పళ్లెం మీద పుట్టగొడుగు

దానికి ముందు ఒక వింత జరిగింది. 1790లో యువరాజు ఫ్రెడరిక్ ఆజ్ఞతో కోపెన్‌హాగన్ రాజ పింగాణీ కర్మాగారం ఒక భోజన సామగ్రి తయారీ మొదలుపెట్టింది. ఫ్లోరా డానికా బొమ్మలను పళ్లేల మీదికి దించాలి. రష్యా రాణి కేథరీన్‌కు కానుకగా అనుకున్నారని సాధారణంగా చెబుతారు. ఆమె 1796లో మరణించింది, పని మాత్రం ఆగలేదు. కర్మాగారం పెద్దల్లో ఒకడైన థియోడోర్ హోల్మ్‌షోల్డ్ స్వయంగా వృక్షశాస్త్రం తెలిసినవాడు, పుట్టగొడుగుల మీద గ్రంథం రాసినవాడు. చిత్రించే పని దాదాపు మొత్తం ఒకే చేతి మీదుగా నడిచింది. ఆ చేయి యోహాన్ క్రిస్టోఫ్ బాయర్‌ది. పన్నెండేళ్లు అదే పని. 1802లో ఆపేసేనాటికి 1,802 వస్తువులు తయారయ్యాయి. ఇప్పుడు సుమారు 1,500 మిగిలి ఉన్నాయి.

దగ్గరగా చూస్తే బాయర్ ఎదుర్కొన్న చిక్కు కళ్లకు కడుతుంది. పుస్తకం పుట నిలువుగా, పొడుగ్గా ఉంటుంది. పళ్లెం గుండ్రం. మామూలు అలంకారకుడైతే మొక్కను వంచి, ఆకులు సర్ది, అంచుకు అందంగా అమర్చేవాడు. బాయర్ పుస్తకాన్నే నమ్ముకున్నాడు. పొడుగాటి కాడ లోపలి పల్లం దాటి అంచు మీదికి ఎక్కుతుంది. వేరు వేరుగానే ఉంటుంది, పీచులతో సహా. ఎక్కడైనా కాడ మరీ పొడుగైతే నడుమ తెగి పక్కన రెండో ముక్కగా కొనసాగుతుంది. పళ్లెం వెనక్కి తిప్పితే మొక్క లాటిన్ పేరు రాసి ఉంటుంది. బంగారు అంచు, పంటి అంచు చెక్కడం రాజుగారి భోజనానికి తగినట్టే ఉన్నాయి. వాటి మధ్యలో మాత్రం శాస్త్రజ్ఞుడి బల్ల మీద నుంచి నేరుగా వచ్చిన ఒక తుంగ గడ్డి. అలంకారం శాస్త్రానికి ఇంతగా తలవంచిన వస్తువు మరొకటి నేను చూడలేదు.

ఎకర్స్‌బర్గ్ పాఠం

పంతొమ్మిదో శతాబ్దం డెన్మార్క్‌కు దెబ్బ మీద దెబ్బ కొట్టింది. 1807లో ఇంగ్లండ్ నౌకాదళం కోపెన్‌హాగన్ మీద గుండ్ల వర్షం కురిపించింది. 1813లో ప్రభుత్వం దివాలా తీసింది. 1814లో నార్వే చేజారింది. పెద్ద రాజ్యం చిన్నదైపోయింది. సరిగ్గా ఆ తర్వాతి దశాబ్దాలనే కళాచరిత్రకారులు డెన్మార్క్ కళకు స్వర్ణయుగం అంటారు. డబ్బు తక్కువ, కొనేవారు మధ్యతరగతి వాళ్లు, చిత్రాలు చిన్నవి. చూపు దగ్గరలో ఉన్నవాటి మీదికి మళ్లింది.

మలుపు తిప్పినవాడు సి. వి. ఎకర్స్‌బర్గ్, 1818 నుంచి అకాడమీలో ఆచార్యుడు. రోమ్‌లో ఉన్నప్పుడే ఆరుబయట కూర్చుని చిన్న తైలవర్ణ చిత్రాలు వేశాడు. తిరిగి వచ్చాక విద్యార్థులను కూడా బయటికి పంపాడు: ఎదుట ఉన్నదాన్ని చూసి గీయండి, కొలత తప్పకండి, ఊహతో నింపకండి. ఏళ్ల తరబడి దినచర్యలో వాతావరణం రాసుకున్నాడు, మేఘాలు గీశాడు. ఆయన దగ్గర గీత ఎంత చల్లగా, స్పష్టంగా ఉంటుందో చూస్తే శాస్త్రజ్ఞుడి గీతకు దగ్గరి చుట్టమనిపిస్తుంది. తేడా ఒక్కటే: ఎకర్స్‌బర్గ్ చిత్రంలో సూర్యుడు ఎటు ఉన్నాడో తెలుస్తుంది.

తర్వాతి తరానికి దీని మీద ఇంకో బరువు పడింది. కళాచరిత్రకారుడు ఎన్. ఎల్. హోయెన్ 1844లో చేసిన ప్రసంగంలోనూ ఇతర చోట్లా, ఇటలీ దృశ్యాలు వదిలి సొంత నేలను, సొంత జనాన్ని గీయమని చిత్రకారులకు పిలుపునిచ్చాడు. యోహాన్ థామస్ లుండ్‌బ్యూ, పి. సి. స్కోవ్‌గార్డ్ ఆ దారిన నడిచారు. తన దేశాన్ని దాని నిరాడంబరతతో చిత్రించడమే తన జీవిత లక్ష్యమని లుండ్‌బ్యూ 1842లో దినచర్యలో రాసుకున్నాడు. అలాంటి లక్ష్యం పెట్టుకున్నవాడు కొండలు, కోటలు వెతకడం సహజం. డెన్మార్క్‌లో పెద్ద కొండలు లేవు. కాబట్టి నేల మీద ఉన్నవే ముఖ్యమయ్యాయి: గట్టు మీది వెడల్పాటి ఆకుల కలుపు మొక్క, రాళ్ల మధ్య గడ్డి, బీచ్ అనే అడవి చెట్టు మొదలు.

స్కోవ్‌గార్డ్ బీచ్ చెట్లను ఓపికగా చూడాలి. బీచ్ బెరడు నునుపుగా, బూడిద రంగులో ఉంటుంది. మన వేప బెరడులా పగుళ్లు ఉండవు. పాత కొమ్మ రాలిన చోట మచ్చ, మొదట్లో పచ్చటి పాకుడు, పైన లేత ఆకుల్లోంచి దిగే పసుపుపచ్చని వెలుగు, ప్రతిదీ విడిగా పరిశీలించి వేసినదే. 1857 నాటి ‘మే నెలలో బీచ్ అడవి’ కోపెన్‌హాగన్ జాతీయ చిత్రశాలలో ఉంది. అంత పెద్ద చిత్రం వెనుక బోలెడన్ని చిన్న పరిశీలన చిత్రాలుంటాయి. ఒక ఆకు, ఒక తీగ, ఒక దుంగ. వాటిని ప్రదర్శనకు పెట్టేవారు కాదు. తమ పనిగదిలో దాచుకుని, పెద్ద చిత్రంలో ముందుభాగం వేసేటప్పుడు బయటికి తీసేవారు. చాలా మటుకు చిత్రకారుడు పోయాక జరిగే వేలంలోనే అవి జనం కంటపడ్డాయి. ఇప్పుడు అదే చిత్తుపనిని మనం పూర్తి చిత్రాలకన్నా ఎక్కువగా ఇష్టపడుతున్నాం. అది సరైన తీర్పే అనుకుంటాను. పెద్ద చిత్రంలో మొక్క దేశభక్తి బరువు మోయాలి. చిన్న కాగితం మీద దానికి ఆ బరువు లేదు.

ష్లెస్విగ్, హోల్‌స్టైన్‌ల కోసం జరిగిన 1848 యుద్ధంలో లుండ్‌బ్యూ స్వచ్ఛందంగా సైన్యంలో చేరి, ప్రమాదవశాత్తు తుపాకీ పేలి 29 ఏళ్లకే చనిపోయాడు. అదే ఏడాది దేశానికి రాజ్యాంగం రాసే సభ కొలువుదీరింది. ఆ సభాధ్యక్షుడు జె. ఎఫ్. స్కౌ, వృక్షశాస్త్రజ్ఞుడు, ఫ్లోరా డానికా సంపాదకుల్లో ఒకడు. ఆ రోజుల్లోనే పుస్తకంలో స్వీడన్ మొక్కలనూ చేర్చాలని నిర్ణయించారు. స్కాండినేవియా ఒక్కటి కావాలన్న రాజకీయ ఆశ మొక్కల పట్టిక దాకా పాకింది. తెల్ల కాగితం మీది మొక్కకు రాజకీయం లేదనుకుంటే పొరపాటు.

పూలు ఎవరి వంతు

అకాడమీ లెక్కలో పూలబొమ్మ కింది మెట్టు. జె. ఎల్. యెన్సెన్ లాంటివాళ్లు గుత్తులు గీసి పేరూ డబ్బూ సంపాదించారు. ఆయన ఫ్రాన్స్‌లోని సెవ్ర్ పింగాణీ కేంద్రంలో నేర్చుకుని వచ్చి, కోపెన్‌హాగన్ కర్మాగారంలో ప్రధాన చిత్రకారుడయ్యాడు. ఆ గుత్తులు అందమైనవే, నన్ను మాత్రం ఎక్కువసేపు నిలబెట్టవు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఆ కింది మెట్టు మీదే స్త్రీలను కూర్చోనిచ్చారు. 1888 దాకా అకాడమీ తన తరగతుల్లోకి ఆడవాళ్లను తీసుకోలేదు. మానవ శరీరాన్ని చూసి గీసే అవకాశం లేనివాళ్లకు మొక్క అందుబాటులో ఉండేది. ఎమ్మా థామ్సెన్, ఆమె దగ్గర నేర్చుకున్న ఆంథొనోర్ క్రిస్టెన్సెన్ పూలతోనే జీవితకాలపు పని చేశారు.

కర్మాగారం కూడా వాళ్లకు బడి అయింది. 1885లో ఆర్నాల్డ్ క్రోగ్ అక్కడ కళాధిపతిగా వచ్చి, మెరుగుపూత కింద రంగులు వేసే పద్ధతిని ముందుకు తెచ్చాడు. సుమారు 1,400 డిగ్రీల వేడిలో బట్టీలో నిలిచే రంగులు కొన్నే: కోబాల్ట్ నీలం, క్రోమియం ఆకుపచ్చ, ఒక గోధుమ ఛాయ. అంత తక్కువ రంగులతో పక్షినో కొమ్మనో వేయాలంటే ఖాళీ జాగాను వాడుకోవడం తెలియాలి. అది జపాన్ చిత్రాల నుంచి నేర్చుకున్నారు. ఇక్కడొక మెలిక ఉంది. శాస్త్రజ్ఞుడి బొమ్మలోని తెల్లని నేపథ్యం మళ్లీ వచ్చింది గానీ, ఈసారి అది శూన్యం కాదు. ఆకాశమో నీళ్లో పొగమంచో అయింది.

1890ల మొదట్లో అక్కడ పనిచేసినవారిలో ఆల్హెడ్ వార్‌బర్గ్, అన్నా హాన్సెన్ ఉన్నారు. ఇద్దరూ ఫ్యూన్ ద్వీపం వాళ్లు, ఇద్దరూ చిత్రకారులను పెళ్లాడి ఆల్హెడ్ లార్సెన్, అన్నా సీబర్గ్ అయ్యారు. అన్నా సీబర్గ్ నీటిరంగుల చిత్రాలు పూలబొమ్మ అనే మాటకున్న మెత్తదనాన్ని చెరిపేస్తాయి. కుండీ, మట్టి, వాడిన ఆకు, ఒరిగిన కాడ, అన్నీ ఉంటాయి. కాగితమంతా ఆక్రమించి మొక్క పెరుగుతున్నట్టే ఉంటుంది. డెన్మార్క్ కళలో మొక్కల గురించి మాట్లాడేటప్పుడు ఆమె పేరు మొదట రావాలని నా అభిప్రాయం.

పక్షి కూర్చోదు

మొక్క కదలదు, రెండు గంటలు ఎదురుగా కూర్చోవచ్చు. పక్షి విషయంలో అది కుదరదు. అందుకే పక్షుల పరిశీలన వెనకబడింది. పాత పద్ధతి తుపాకీతో మొదలయ్యేది: కాల్చడం, తోలు వలిచి గడ్డి కూరడం, తీగతో నిలబెట్టడం, అప్పుడు గీయడం. నీల్స్ షేర్‌బోలింగ్ 1850లలో డెన్మార్క్ పక్షుల మీద తెచ్చిన గ్రంథంలాంటివాటికి అటువంటి నమూనాలే ఆధారం. ఈకల రంగు, ముక్కు పొడవు సరిగ్గా ఉంటాయి. బతికిన పక్షి మెడ ఎలా ముడుచుకుంటుందో, గాలికి ఎదురుగా ఎలా వాలుతుందో ఆ పద్ధతిలో తెలియదు. 1899లో వీబోర్గ్ పట్టణంలో హెచ్. సి. సి. మోర్టెన్సెన్ అనే ఉపాధ్యాయుడు స్టార్లింగ్ పిట్టల కాళ్లకు సంఖ్యలు చెక్కిన అల్యూమినియం ఉంగరాలు తొడిగి వదిలాడు. పక్షిని చంపకుండా అది ఎక్కడెక్కడ తిరుగుతుందో తెలుసుకునే దారి అది. పక్షి శాస్త్రం మ్యూజియం అరలోంచి బయటికి వస్తున్న కాలం.

ఆ కాలపు చిత్రకారుడు ఆల్హెడ్ భర్త యోహానెస్ లార్సెన్. 1867లో కెర్టెమిండే అనే చిన్న రేవు ఊళ్లో పుట్టాడు, 1961లో 93 ఏళ్ల వయసులో పోయాడు. కోపెన్‌హాగన్‌లో క్రిస్టియన్ జార్ట్‌మన్ దగ్గర చదువుకుని మళ్లీ సొంత ఊరికే వచ్చి ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇల్లు ఇప్పుడు ఆయన మ్యూజియం. వేటగాడు, పడవ తెలిసినవాడు, ఇంట్లో పక్షులను పెంచినవాడు. ఆయన పక్షులు ఒంటరిగా నిలబడవు. ఈడర్ అనే సముద్రపు బాతుల గుంపు అల మీద లేస్తుంది, హంసలు రెక్కలు చాచి నీళ్లను తన్నుతూ ఎగురుతాయి, ఈదురుగాలికి అన్నీ ఒకే దిక్కుకు తల తిప్పి కూర్చుంటాయి. దూరాన ఉన్న పక్షికి కన్ను, గోళ్లు వేయడు. రెండు కుంచె గీతలే, కానీ పక్షులు తెలిసినవాడు అది ఏ జాతో చెప్పగలడు. ఎగిరే తీరే గుర్తు. మ్యూజియం నమూనాతో ఎన్నటికీ రాని జ్ఞానం అది.

అందరూ మెచ్చలేదు. 1907లో పత్రికల్లో పెద్ద గొడవే నడిచింది. లార్సెన్, ఫ్రిట్స్ సీబర్గ్, పీటర్ హాన్సెన్ బృందాన్ని ‘రైతు చిత్రకారులు’ అని తక్కువ చేశారు. కళకు ఉన్నతమైన ఊహ కావాలి, పెరటి బాతులు కాదు అన్నది ఆరోపణ. 1910లో డబ్బాల ఆహార వ్యాపారి మ్యాడ్స్ రాస్ముసెన్ ఫోబోర్గ్‌లో వాళ్ల చిత్రాలకే ఒక మ్యూజియం పెట్టి జవాబిచ్చాడు.

1921 నుంచి 1924 దాకా లార్సెన్, రచయిత ఆక్టన్ ఫ్రీస్‌తో కలిసి ‘రూలెన్’ అనే పడవలో డెన్మార్క్ చిన్న దీవులెన్నో చుట్టాడు. పడవకు పెట్టింది ఒక ఉల్లంకి పిట్ట పేరు. ఆ దీవుల గ్రంథం మూడు సంపుటాలుగా 1926 నుంచి 1928 మధ్య వచ్చింది. లార్సెన్ కాగితాల మీద తన పేరు మొదటి అక్షరాలతో పాటు తరచుగా చోటు, తేదీ రాసేవాడు. ఫ్లోరా డానికా పళ్లెం వెనుక జాతి పేరుంటుంది, తేదీ ఉండదు. లార్సెన్ కాగితం మీద చోటూ తేదీ ఉంటాయి, లాటిన్ పేరు ఉండదు. శాస్త్రం వదిలేసినదాన్ని చిత్రకారుడు అంతే క్రమశిక్షణతో రాసిపెట్టాడు.

ఆ అలవాటు విలువ ఇప్పుడు తెలుస్తోంది. పశ్చిమ యూట్లాండ్‌లోని ఫిల్సో ఒకప్పుడు దేశంలోకెల్లా పెద్ద సరస్సుల్లో ఒకటి. లార్సెన్ అక్కడ వేటాడాడు, గీశాడు. వ్యవసాయం కోసం దాన్ని విడతలు విడతలుగా తోడేసి పొలాలు చేశారు. 2010లో ఒక ప్రకృతి పరిరక్షణ నిధి ఆ భూమిని కొని, 2012లో నీళ్లు తిరిగి నింపింది. అక్కడి పాత పక్షుల గురించి మాట్లాడేటప్పుడు లార్సెన్ చిత్రాలను సాక్ష్యంగా చూపాలనిపించడం సహజం. కొంతవరకు చూపవచ్చు కూడా. ఒక జాతి ఫలానా రోజున ఫలానా చోట ఉందని ఆ కాగితం చెబుతుంది. ఎన్ని ఉన్నాయో చెప్పదు; లార్సెన్ లెక్కపెట్టడానికి వెళ్లలేదు. వేటగాడి కన్ను పెద్ద బాతుల మీద, హంసల మీద నిలిచింది, రెల్లులో దాగిన చిన్న గోధుమరంగు పిట్టల మీద అంతగా నిలవలేదు. అక్కడ ఫ్లోరా డానికా పద్ధతే మేలు: అది ఇష్టాయిష్టాలు చూడదు, గడ్డిపరకకైనా పుట ఇస్తుంది.